ముప్పై గూళ్ళకు అభ్యంతరాలు

ఒక పెద్ద అడవిలో చోటుకేం కొదవ లేదు. చోటిచ్చేవాళ్ళకే కొదవ.

ఆ ఏడు మృగశిర కార్తె గాలికి వాగొడ్డు తాటిచెట్లన్నీ కూలిపోయాయి. వాటికి గూళ్ళు వేలాడేసుకుని బతికే గిజిగాళ్ళకు నిలువ నీడ లేకుండా పోయింది. ఇక మిగిలిందల్లా ఎర్రగట్టు మీద ఒంటరిగా నిలబడ్డ ఒకే ఒక్క తాటిచెట్టు. దాని మీద ఎవరూ ఉండరు, దాని కింద ఎవరూ కూర్చోరు. అయినా గట్టు మీద పుల్ల కదపాలన్నా గట్టు సంఘం ఊ అనాలి. అనకపోతే కోతులొచ్చి గూళ్ళు పీకేస్తాయి, గుడ్లతో సహా.

గిజిగాళ్ళ తరఫున చిట్టెమ్మ అనే ఆడపిట్ట సంఘం ముందుకెళ్ళింది.

"అయ్యా, ఆ ఒక్క చెట్టుకే ముప్పై గూళ్ళు వేలాడేసుకుంటాం. మా మగాళ్ళు అల్లుతారు, మేం చూసి బాగుందంటే గుడ్లు పెడతాం. గడ్డి పచ్చిగా ఉన్నన్నాళ్ళే అల్లిక సాగేది. ఎండితే పోచ విరిగిపోతుంది. ఈ వానలు దాటాయా, ఈ ఏటికి మాకు పిల్లల్లేనట్టే."

సంఘం అధ్యక్షుడైన ఎలుగుబంటి ఆవులించి, "అభ్యంతరాలుంటే చెప్పండి" అంది.

లేనివాళ్ళు ఉంటే కదా!

"నాకు గిజిగాళ్ళంటే ప్రాణం" అని మొదలెట్టింది నెమలి. అలా మొదలైన మాట ఎక్కడ తేలుతుందో చిట్టెమ్మకు తెలుసు. "కానీ ముప్పై కాపురాలు ఒకే చెట్టుకా? గట్టు పరువేం కావాలి? ఇక్కడ మేం చెట్టుకో కుటుంబంగా, ఏ గోలా లేకుండా బతుకుతున్నాం." అంత చెప్పి, గట్టంతా అదిరేలా ఒక్క కేక పెట్టి కూర్చుంది.

"గూళ్ళ నీడ నా బొరియ మీద పడుతుంది" అంది కుందేలు.

"నీ బొరియలోకి ఎండెప్పుడొచ్చింది బాబాయ్?" అంది చిట్టెమ్మ.

"ఇప్పటిదాకా రాలేదు. ముందు ముందు వస్తుందేమో! నువ్వెవరు కాదనడానికి?"

"వీళ్ళొస్తే వెనకాలే పాములొస్తాయి" అంది ఉడత. సభ్యుల వరసలో చుట్ట చుట్టుకుని కూర్చున్న పాము, నిజమేనన్నట్టు తలూపింది.

ఎలుగుబంటి అందరినీ ఆపింది. "కాదని ఎవరన్నారమ్మా? ఒక పద్ధతుంటుంది కదా. ముందు స్థలం చూడాలి."

స్థలం చూడ్డానికి సభ్యులంతా కలిసే నడవాలన్నది గట్టు ఆచారం. ఆ సభ్యుల్లో తాబేలు ఒకటి.

వానలు పడ్డాయి. గడ్డి మోకాలెత్తు లేచింది. తాబేలు నడుస్తోంది. మిగతా సభ్యులు పొద్దున్నే వచ్చి దాంతో నాలుగడుగులు వేసి, దారిలో నేరేడు పండ్లు తిని, స్థలం చూసి అలసిపోయామంటూ ఇళ్ళకు పోతున్నాయి. గిజిగాళ్ళు ముళ్ళకంపల్లో నానుతున్నాయి.

"కళ్ళెదుట ఇంత గడ్డి పెట్టుకుని చేతులు ముడుచుక్కూర్చోమంటావేంటే?" అన్నాడు చిట్టెమ్మ మొగుడు.

"చూసొస్తామన్నారుగా. పెద్దవాళ్ళు, మాట తప్పుతారా?" అంది చిట్టెమ్మ. ఆ మాట మీద దానికే నమ్మకం తగ్గుతోంది.

పుబ్బ కార్తెకి తాబేలు చేరింది. చెట్టు చుట్టూ తిరిగి, మెడ సాచి పైకి చూసి, "తాటిచెట్టే. బాగుంది" అంది.

ఇక వంక పెట్టడానికేం మిగల్లేదు. దాంతో నెమలి ఓ చట్టం తెచ్చింది. ఒక చెట్టుకు ఒకే కాపురం. ముందొచ్చినవాళ్ళదే చెట్టు. చప్పట్లు మోగాయి. అమలు పని కోతులకు అప్పగించారు.

మర్నాడు నెమలి నిద్ర లేచేసరికి దాని చింతచెట్టు మొదట్లో ఓ ఎర్రచీమ, వెనక రెండు కోతులు.

"దిగండయ్యా" అంది చీమ.

"ఎవరే నువ్వు?"

"ఈ చెట్టు మొలకగా ఉన్నప్పట్నుంచీ ఇందులోనే ఉన్నాం. మీ తాతగారొచ్చిన నాడు పోన్లే పాపమని మావాళ్ళే చోటిచ్చారు."

"లక్షల మంది ఉన్నారు! ఒక కాపురం ఎలా అవుతారే?"

"అందరం ఒక్క తల్లి పిల్లలమండీ. ఉమ్మడి కాపురం. మీ చట్టం మాకు తెగ నచ్చింది."

నెమలి దిగింది. గట్టు మీద ఏ చెట్టు చూసినా ముందొచ్చినవాళ్ళు చీమలే. ఉడత దిగింది. చిలకలు దిగాయి. తేనెటీగలు లేచిపోయాకగానీ ఎలుగుబంటికి చట్టం చేదు తెలియలేదు. చెట్లు దిగినవాళ్ళు సగం మంది కుందేలు బొరియలో దూరారు. వాళ్ళలో పాము కూడా ఉంది.

అయినా చట్టం తప్పని ఒప్పుకోవడానికి ఎవరికీ నోరు రాలేదు. చిత్త కార్తె వానలకు నేల మీదే తడిసి ముద్దయ్యారు. స్వాతిలో ఓ నక్క వచ్చి నెమలి తోక సగం పీక్కుపోయింది. ఆ పూటే అత్యవసర సభ పెట్టారు. తాబేలును ఎలుగుబంటి వీపు మీద ఎక్కించుకుని చిటికెలో తీసుకొచ్చింది.

"గిజిగాళ్ళ కష్టం చూడలేకపోతున్నాం" అంది నెమలి, మిగిలిన సగం తోకతో కళ్ళొత్తుకుంటూ. "వాళ్ళ కోసమే ఈ చట్టం రద్దు చేస్తున్నాం. ముప్పై ఏంటి, అరవై గూళ్ళు కట్టుకోండి!"

మళ్ళీ చప్పట్లు. గిజిగాళ్ళను పిలిపించి తాటిచెట్టు కింద నిలబెట్టారు. సంఘమంతా ఎదురుగా కూర్చుంది.

చిట్టెమ్మ మొగుడు ఒక పోచ తెచ్చి మట్టకు చుట్టాడు. ఫట్మంది. ఇంకోటి తెచ్చాడు. అదీ విరిగింది. గట్టంతా గడ్డి పసుపుపచ్చగా మెరుస్తోంది. ఇంకో పోచ కోసం వంగుతుంటే చిట్టెమ్మ వెళ్ళి అతని పక్కన వాలింది.

"చాల్లే, రా" అంది.

గిజిగాళ్ళన్నీ మళ్ళీ ముళ్ళకంపల్లోకి ఎగిరిపోయాయి.

"చూశారా?" అంది నెమలి చింతకొమ్మ ఎక్కుతూ. "ఇవ్వనంతకాలం ఏడుపు. ఇస్తే కట్టుకోరు. వాళ్ళకు కావాల్సింది ఇళ్ళు కాదండీ, గొడవ!"

అవునవునంది సంఘం.

ఇందులో నీతి: ఇల్లు కట్టుకునేవాడికి కాలం కలిసిరావాలి, కట్టనివ్వనివాడికి కాలం గడిస్తే చాలు.