లిఫ్టుకు ప్రయాణ యోగం లేదు

ఒక భవనం ఎంత క్రమశిక్షణతో నడుస్తోందో తెలుసుకోవాలంటే, అందులోని వస్తువుల రాశులు ఎవరైనా నమోదు చేశారా లేదా అన్నది చూడాలి. మా అపార్టుమెంటులో చేశాం. సంఘానికి సంయుక్త కార్యదర్శిగా ఈ మాట గర్వంగానే చెబుతున్నాను (కార్యదర్శి అంటూ వేరే ఎవరూ లేరు, సంయుక్తంగా ఉన్నది నేనొక్కడినే).

ఈ సంస్కరణకు మూలపురుషుడు మా అధ్యక్షులవారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆయన ఇతరుల లెక్కల్లో తప్పులు పట్టుకున్నారు. రిటైరయ్యాక పట్టుకోవడానికి ఏమీ దొరక్క మా సంఘాన్ని పట్టుకున్నారు. ఒక ఆదివారం పొద్దున్న కరెంటు పోయి, ఆయన మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య లిఫ్టులో ఇరుక్కుపోయారు. చేతిలో పేపరు తప్ప వేరే కాలక్షేపం లేదు. ఫోను వెలుతురులో ముందు సినిమా పేజీ, తర్వాత పెళ్ళి ప్రకటనలు, చివరికి గత్యంతరం లేక వారఫలాలు చదివారు. ఆయన రాశికి ఇలా ఉంది: 'పైకి వెళ్ళే ప్రయత్నంలో మధ్యలో ఆటంకాలు. ఓర్పు వహించండి.' లోపలికి వెళ్ళిన మనిషి వేరు, తలుపు తెరుచుకున్నాక బయటికొచ్చిన మనిషి వేరు.

ఆ సాయంత్రమే సర్వసభ్య సమావేశం పెట్టి, భవనంలోని ఉమ్మడి ఆస్తులన్నిటికీ అవి పని మొదలుపెట్టిన రోజును బట్టి రాశులు నిర్ణయించాం. గేటుది మేషం. నీళ్ళ మోటారుది మీనం. లిఫ్టుది వృశ్చికం. జనరేటరు సెకండ్ హ్యాండులో కొన్నది కాబట్టి, దానికి మొదటి జన్మ లెక్కలోకి వస్తుందా, రెండోదా అన్న విషయం ఇంకా పరిశీలనలో ఉంది. ప్రతి ఆదివారం పేపరు రాగానే నేను వారఫలాలు కత్తిరించి నోటీసు బోర్డుకి అంటించాలి. ఆ వారం ఏ వస్తువు ఎలా నడుచుకోవాలో అధ్యక్షులవారు ఎర్ర సిరాతో పక్కన రాస్తారు.

మొదటి వారం మేషానికి 'కొత్త పరిచయాలకు అవకాశం' అని వచ్చింది. గేటు బార్లా తెరిచి ఉంచాం. మూడు కుక్కలూ, ఒక పరుపులమ్మే ఆయనా పరిచయమయ్యారు. మీనానికి 'అతిగా శ్రమించరాదు' అని వచ్చిన వారం అందరం చెంబుల లెక్కన స్నానాలు చేశాం. దీని మీద ఎవరూ గొడవ పడలేదు. ఇదివరకు 'నీళ్ళెందుకు రావడం లేదు?' అని అడిగితే జవాబుండేది కాదు. ఇప్పుడు ఉంది. మనిషికి నీళ్ళ కంటే జవాబు ముఖ్యమని మాకు అప్పుడే అర్థమైంది.

తర్వాత వృశ్చికానికి 'ప్రయాణాలు వాయిదా వేయడం మంచిది' అని వచ్చింది. అధ్యక్షులవారు లిఫ్టుకు తాళం వేయించి, తాళంచెవి జేబులో వేసుకున్నారు. కబురు విని మెకానిక్ వచ్చాడు. అంతా విప్పి చూసి, మళ్ళీ బిగించాడు.

"లిఫ్టులో ఏ లోపమూ లేదు సార్," అన్నాడు.

"లోపం లిఫ్టులో కాదయ్యా, గ్రహాల్లో ఉంది," అన్నారు అధ్యక్షులవారు.

మెకానిక్ బుర్ర గోక్కుని, "అయితే అది మా కాంట్రాక్టులోకి రాదు సార్," అని సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు.

ఇక్కడ మా పెద్దమ్మ సంగతి చెప్పాలి. ఆవిడ నాతోనే అయిదో అంతస్తులో ఉంటుంది. మోకాలి ఆపరేషన్ అయింది. చదునైన చోట ఎంతసేపైనా నడవచ్చు కానీ, మెట్ల జోలికి పోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. రోజూ నాలుగింటికి లిఫ్టులో దిగి, అన్నిటికన్నా కింది అంతస్తులో ఉండే మిషనత్తయ్య ఇంటికి వెళ్ళేది. మా పెద్దమ్మ 'వదినా' అని పిలిచే ఈ మిషనత్తయ్య ఊరందరికీ బట్టలు కుడుతుంది. ఆవిడ జాకెట్లు కుడుతుంటే మా పెద్దమ్మ పక్కన కూర్చుని హుక్కులు కుట్టేది. ఇద్దరూ ఏం మాట్లాడుకునేవారో నాకు తెలియదు, ఎందుకంటే నేను వెళ్ళగానే ఆపేసేవారు. ఆ ఇల్లు యజమాని అమ్మేశాడు. మిషనత్తయ్య వేరే ఊళ్ళో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతోంది, అదీ ఆ శుక్రవారమే. ఆవిడకి ఆయాసం, నాలుగు మెట్లెక్కితే కూలబడిపోతుంది.

"వీడియో కాల్ చేసుకోకూడదూ?" అన్నాను పెద్దమ్మతో.

"వదినకి ఫోను పట్టుకోవడం రాదురా. ఎప్పుడు చేసినా నుదురొక్కటే కనిపిస్తుంది," అంది పెద్దమ్మ. "ఇన్నేళ్ళు కలిసి కూర్చున్నదాన్ని, నుదురు చూసి సాగనంపమంటావా?"

నేను సంఘాన్ని ఆశ్రయించాను. పెద్దమ్మది వృషభం. ఆ వారం వృషభానికి 'ఆత్మీయులతో కలయిక, ప్రయాణాలు అనుకూలం' అని ఉంది. అంటే ఎక్కే మనిషికి యోగం ఉంది, ఎక్కించుకునే లిఫ్టుకు లేదు. ఇలాంటి చిక్కు ఇంతవరకూ రాలేదని అధ్యక్షులవారు చాలా సంతోషించారు. అత్యవసర సమావేశం జరిగింది. రెండు రాశులు ఎదురుపడినప్పుడు, దేని బరువు ఎక్కువైతే దాని ఫలితమే చెల్లుతుందని నిర్ణయించారు. పెద్దమ్మనీ లిఫ్టునీ తూచే సాధనం లేకపోవడం వల్ల, కంటి చూపుతోనే లిఫ్టు ఎక్కువని తేల్చారు (పెద్దమ్మ సన్నగా ఉండడం ఆవిడకి ఈ రకంగా నష్టం చేసింది).

పోనీ, కుర్చీలో కూర్చోబెట్టి మోయించి దింపుదామన్నాను. కుర్చీ రాశి చూశారు. 'స్థానచలనం' అని ఉంది కాబట్టి కుర్చీకి అనుమతి దొరికింది. కానీ మోయాల్సిన వాచ్‌మన్లిద్దరిదీ ఒకే రాశి అయింది. దానికి 'బరువు బాధ్యతలు తలకెత్తుకోవద్దు' అని ఉంది. వాళ్ళిద్దరికీ అంతకుముందు జ్యోతిషం మీద అంత గురి ఉండేది కాదు.

పెద్దమ్మ స్వయంగా అధ్యక్షులవారికి ఫోన్ చేసింది.

"ఒక్కసారి దిగి, ఒక్కసారి ఎక్కుతాను బాబూ. మీ తాళం మీకే ఇచ్చేస్తాను."

"అమ్మగారూ, నాకు మాత్రం దింపాలని లేదంటారా? రూలు నేను పెట్టింది కాదు, గ్రహాలు పెట్టాయి," అన్నారాయన.

"గ్రహాలకి నా మోకాళ్ళ సంగతి ఎవరైనా చెప్పారా?"

ఆ ప్రశ్నను ఆయన మినిట్స్‌లో రాయమన్నారు. రాశాను. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన జేబులోంచి తాళంచెవి లాక్కుందామనిపించింది. కానీ నా రాశికి ఆ వారం 'పెద్దలతో విభేదాలు వద్దు' అని ఉండటం వల్ల, కోపాన్ని వచ్చే వారానికి వాయిదా వేసుకున్నాను.

శుక్రవారం వ్యాను వచ్చింది. మంచం, బీరువా, చివరికి కుట్టుమిషను ఎక్కించారు. పెద్దమ్మ అయిదో అంతస్తు బాల్కనీలో ఊచలు పట్టుకుని నిలబడింది. మిషనత్తయ్య వ్యాను పక్కన నిలబడి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసింది. ఏదో అంది. వ్యాను ఇంజను చప్పుడులో ఒక్క ముక్క కూడా వినపడలేదు.

"ఏమంటోందిరా వదిన?" అంది పెద్దమ్మ.

"మళ్ళీ వస్తానంటోంది," అన్నాను. నాకూ వినపడలేదు.

కాసేపటికి వాచ్‌మన్ మెట్లెక్కి వచ్చి, మిషనత్తయ్య పంపిన హుక్కుల డబ్బా ఇచ్చి వెళ్ళాడు (చిన్న డబ్బా కాబట్టి బరువుల కిందికి రాదట). పెద్దమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, సాయంత్రం దాకా మూత తియ్యలేదు. ఆవిణ్ణి అలా చూస్తుంటే నాకు దుఃఖం ఆగలేదు.

ఆదివారం పేపరు వచ్చింది. వారఫలాల కింద చిన్న డబ్బా కట్టి ఇలా వేశారు: 'గత వారం సాంకేతిక పొరపాటు వల్ల పాత వారఫలాలు తిరిగి ప్రచురితమయ్యాయి. పాఠకులు గమనించగలరు.' నేను దాన్ని కూడా కత్తిరించి, అధ్యక్షులవారి ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివారు. తొణకలేదు. సమావేశం పిలిచారు.

"ఆ వారం ఫలితాలు చెల్లవు. కాబట్టి ఆ వారమే చెల్లదు," అన్నారు.

తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. ఆ వారం భవనంలో జరిగినవేవీ జరగనట్టే లెక్క. రాని నీళ్ళు వచ్చినట్టే. గేటు దగ్గర పోయిన సైకిలు పోనట్టే. ఖాళీ అయిన ఇల్లు ఖాళీ కానట్టే. నేను కూడా చెయ్యెత్తాను. కొత్త పేపరులో నా రాశికి 'నలుగురితో కలిసి నడవండి' అని ఉంది. వాయిదా వేసుకున్న కోపానికి అందులో ఎక్కడా చోటు లేదు.

వృశ్చికానికి ఈసారి 'అడ్డంకులు తొలగుతాయి' అని రావడంతో లిఫ్టు తాళం తీశారు. మా రికార్డుల ప్రకారం మిషనత్తయ్య ఎక్కడికీ వెళ్ళలేదు. రోజూ నాలుగింటికి పెద్దమ్మ హుక్కుల డబ్బా పట్టుకుని కిందికి దిగుతుంది. తాళం వేసిన ఆ ఇంటి తలుపు ముందు కాసేపు నిలబడి, పైకి వచ్చేస్తుంది. లిఫ్టు చాలా బాగా పనిచేస్తోంది.