ఎల్లారావు గుండెదడకు ఊరుమ్మడి వైద్యం

ఆందోళన జబ్బంటూ వస్తే విజయవాడలోనే రావాలి. ఇంకే ఊళ్ళో వచ్చినా రోగిని తిన్నగా డాక్టరు దగ్గరికి పంపించి చేతులు దులుపుకుంటారు. విజయవాడకి అంత నిర్దయ లేదు. ఇక్కడ బావమరుదులున్నారు, పక్క ఫ్లాటు వాళ్ళున్నారు, వాకింగ్ ఫ్రెండ్సున్నారు, వాట్సాప్ గ్రూపులున్నాయి. ఇంతమంది ఉండగా ఆ ఒక్క డాక్టరుకీ ఎందుకండీ శ్రమ?

నమ్మకం కుదరనివాళ్ళు ఎల్లారావు సంగతి వినండి.

ఎల్లారావు చేపల వ్యాపారి. పుట్టింది కొల్లేటి ఒడ్డున. తండ్రి వల వేసి బతికాడు. కొడుకు చెరువుల మీద చేపలు కొని, హనుమాన్ జంక్షన్ దగ్గరి షెడ్డులో ఐసు వేసి పెట్టెలకెత్తించి, లారీల్లో కలకత్తా దాకా పంపే స్థాయికి వచ్చాడు. కాపురం మాత్రం బెజవాడలో, లిఫ్టున్న అపార్టుమెంటులో. ఆయన గొంతు పెద్దది. షెడ్డులో నిలబడి కేకేస్తే రోడ్డవతల టీ తాగుతున్న డ్రైవర్లు గ్లాసులు కింద పెట్టి పరిగెత్తుకొచ్చేవాళ్ళు. వర్తకుల సంఘానికి రాబోయే ప్రెసిడెంటు ఆయనేనని అందరూ అనుకుంటున్న రోజులు.

అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం శీలావతి చేపల పెట్టెలు లారీకెక్కుతుండగా, జేబులో ఫోను మోగగానే ఉన్నచోటే కూలబడ్డాడు. గుండె డప్పులా మోగింది. చేతులు చల్లబడ్డాయి. ఊపిరి లోపలికి పోలేదు. ఇక అయిపోయింది అనుకున్నాడు. ఇంతకీ ఆ ఫోను చేసింది ఆయన భార్య దానమ్మ. వచ్చేటప్పుడు కరివేపాకు తెమ్మని చెప్పడానికి.

ఆసుపత్రిలో తీయాల్సిన ఫొటోలన్నీ తీసి, గుండె కుర్రాడి గుండెలా ఉందన్నారు. ఆ మాటతో ఎల్లారావుకి ఇంకా భయం పట్టుకుంది. గుండెలో ఏమీ లేకపోతే మరి జబ్బు ఎక్కడున్నట్టు? దడ మళ్ళీ వచ్చింది, ఆపైన మళ్ళీ వచ్చింది. చివరికి గుండె డాక్టరే ఆయన్ని సైకియాట్రిస్టు క్రిస్టినా గారి దగ్గరికి పంపాడు. ఎల్లారావు వెంట దానమ్మా, ఆవిడ తమ్ముడు మణికుమారూ వెళ్ళారు.

"ఇది భయం జబ్బండీ, ఎల్లారావు గారూ," అన్నారు క్రిస్టినా గారు. "చాలామందికి వస్తుంది, తగ్గుతుంది కూడా. మందు రాస్తాను. గుణం కనపడటానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో ఆపకండి. అప్పుడప్పుడూ వచ్చి నాతో మాట్లాడి వెళ్ళండి. దీంతో పాటు నడక, యోగా, ఊపిరి మీద ధ్యాస, మీకు ఏది హాయిగా ఉంటే అది చేసుకోవచ్చు. దీంతో పాటు అంటున్నానండీ. దీనికి బదులు అనట్లేదు."

ఈ చివరి రెండు ముక్కలూ వినే సమయానికి మణికుమార్ ఫోను చూసుకుంటున్నాడు.

మణికుమార్ని తేలిగ్గా తీసుకోకండి. మంగళగిరిలో స్థలాలు అమ్మేవాడు. అవి కదలడం మానేశాక యూట్యూబులో వైద్యం చదివాడు. క్లినిక్ మెట్లు దిగుతూనే తీర్పు చెప్పేశాడు.

"విన్నావుగా బావా, యోగా చాలంది డాక్టరమ్మ. ఆ బిళ్ళలు మాత్రం వద్దు. మొదలెడితే చచ్చేదాకా మింగాలి."

"ఆవిడ అలా అన్లేదురా," అంది దానమ్మ.

"నీకు తెలీదక్కా. అయినా బావ రేపు ప్రెసిడెంటుగా నిలబడాల్సిన మనిషి. మెంటల్ డాక్టరు దగ్గరికెళ్ళాడని బసవయ్యకి తెలిసిందంటే షెడ్డు షెడ్డుకీ చాటింపు వేయిస్తాడు."

బసవయ్యది పక్క షెడ్డు. సంఘంలో పోటీ కూడా ఆయనే. ఆ పేరు వినగానే ఎల్లారావు బిళ్ళల సంచీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. వారం తిరక్కుండానే మానేశాడు. వారంలో తగ్గించలేనిది మందెలా అవుతుంది బావా అని మణికుమార్ అడిగితే, ఆయనకి అదీ నిజమేననిపించింది.

అక్కడితో సైన్సు పీడ విరగడైంది. ఇక వైద్యం మొదలైంది.

మొదట నవ్వుల క్లబ్బు. పొద్దున్నే పార్కులో రిటైర్డు లెక్చరర్ రామకోటేశ్వరరావు గారు చేతులు పైకెత్తి హహ్హహ్హ అంటే, ఎదురుగా నిలబడ్డ పెద్దమనుషులంతా హొహ్హొహ్హొ అనాలి. ఎల్లారావుకి మొదట సిగ్గేసింది. తర్వాత కాస్త బాగానే ఉందనిపించింది. ఆ చెట్లూ, ఆ గాలీ, పక్కవాడి బోసినవ్వూ. నిజం ఎందుకు దాచాలి, కొన్ని పొద్దులు హాయిగానే గడిచాయి.

ఒకరోజు నవ్వు మంచి ఊపులో ఉండగా ఎవరిదో ఫోను మోగింది. ఎల్లారావుకి ఊపిరి తెగిపోయింది. నోరు తెరిచి గాలి కోసం ఎగపోశాడు, ఒళ్ళంతా ఊగింది, కళ్ళవెంట నీళ్ళు కారాయి, పక్కవాళ్ళ భుజాలు పట్టుకుని వంగిపోయాడు.

రామకోటేశ్వరరావు గారు ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టించారు. "చూడండి, నవ్వంటే అదీ. పొట్టలోంచి రావాలి. ఎల్లారావు గారిని చూసి నేర్చుకోండి."

చచ్చిపోతున్నానని చెబుదామనుకున్నాడు ఎల్లారావు. చప్పట్లు ఆగేసరికి చెప్పబుద్ధి కాలేదు.

తర్వాత సువాసన వైద్యం. మణికుమార్ ఎక్కడినుంచో ఒక అరోమా నిపుణుణ్ణి పట్టుకొచ్చాడు. ఆయన ఎల్లారావు చెయ్యి పట్టుకుని వాసన చూసి, కళ్ళు మూసుకుని, జబ్బుకి మూలం దొరికిందన్నాడు. చేపల నీచట. ఆ కంపు బుర్రలోకెక్కి నరాలను ఉద్రేకపరుస్తోందట. చేపల మధ్య పుట్టి, ఆ కంపుతోనే ఫ్లాటు కొని, పిల్లల్ని చదివించిన మనిషి కొత్తగా ముక్కు పట్టుకున్నాడు. కణతలకూ, మెడకూ, అరచేతులకూ లావెండర్ నూనె పట్టించమన్నాడు నిపుణుడు. షెడ్డులో కూడా నాలుగు మూలలా చల్లమన్నాడు.

చల్లారు. షెడ్డు పెళ్ళివారి విడిదిలా గుబాళించింది. ఎల్లారావు పెట్టె పెట్టెకీ చెయ్యి పెట్టి సరుకు చూసే మనిషి కదా, చేపలూ గుబాళించాయి.

బసవయ్య గోడ పక్కన నిలబడి ముక్కు ఎగబీల్చాడు. "ఏవయ్యా ఎల్లారావూ, బొచ్చె చేపలకి పౌడరేసి పంపుతున్నావా?"

కలకత్తా వ్యాపారులకి ఆ వేళాకోళం తెలియదు. చేపకి చేప వాసన రాలేదంటే కుళ్ళు కప్పిపుచ్చడానికి ఏదో మందు కొట్టారన్నమాటేనని వాళ్ళకి అనుమానమొచ్చింది. సరుకు దించకుండా లారీని రోడ్డు మీదే నిలబెట్టి ఫోను చేశారు. ఎల్లారావు ఎత్తకపోతే మళ్ళీ చేశారు. ఆ రోజంతా ఫోను మోగుతూనే ఉంది. ఫోను మోగితేనే దడ పుట్టే మనిషికి ఇంతకన్నా మంచి వైద్యం ఉంటుందా? మోగిన ప్రతిసారీ ఆయన అరచేతుల్లో ముఖం దాచుకున్నాడు. అరచేతుల నిండా లావెండర్.

ఆ తర్వాత కంచు గిన్నెల నాదం వచ్చింది. నుదుటి మీద స్ఫటికం వచ్చింది. కాళ్ళ కింద ముళ్ళ చెప్పులు వచ్చాయి. ఒక్కోదానికీ ఒక్కో పథ్యం, ఒక్కో కషాయం. అవన్నీ కాచిపోయడం దానమ్మ వంతు. మనిషి నవ్వి వచ్చేసరికి నూనె సిద్ధంగా ఉండాలి, నూనె ఆరేసరికి కషాయం మరగాలి, కషాయం దిగేసరికి గిన్నెలవాడు వాయించడానికి వస్తాడు. కూర్చుని స్థిమితంగా భయపడదామన్నా ఎల్లారావుకి తీరిక దొరకలేదు. వైద్యం పరమార్థం అదేనేమో, మనబోటి పామరులకి ఏం తెలుస్తుంది?

"ఏవండీ, అసలు తగ్గుతోందా?" అని అడిగింది దానమ్మ ఒకరోజు, కషాయం గిన్నె దించుతూ.

"తగ్గుతోందనే అనాలంట. తగ్గట్లేదనుకుంటే అదే నెగెటివ్ ఎనర్జీ అంట."

దానమ్మ ఆ గిన్నె తీసుకెళ్ళి సింకులో వంచేసింది.

ఇంత అనుభవం గడించిన మణికుమార్ ఊరుకుంటాడా? మంగళగిరిలో అమ్ముడుపోని స్థలంలోనే షెడ్డు వేసి, వెదురు తడికెలు కట్టి, వెల్‌నెస్ సెంటర్ తెరిచాడు. ప్రారంభోత్సవానికి రోడ్డు పొడుగునా ఫ్లెక్సీలు కట్టించాడు. ప్రతి ఫ్లెక్సీ మీదా ఎల్లారావు నవ్వుతున్న ఫొటో. కింద, 'ఆందోళనను జయించిన మా బావగారు'.

ఇక్కడ పాఠకులు ఒక సూక్ష్మం గమనించాలి. డాక్టరు దగ్గరికి వెళ్ళాడని పక్క షెడ్డువాడికి తెలిస్తే పరువు పోతుంది. నూనె రాసుకున్నాడని హైవే మీద వెళ్ళే బస్సులన్నిటికీ తెలిస్తే పరువు పెరుగుతుంది. జబ్బు అదే, మనిషీ అతనే.

సభలో పూలదండ వేసి, మైకు చేతికిచ్చి, అనుభవం చెప్పమన్నారు. ఎల్లారావు అందరికీ దణ్ణం పెట్టాడు. "నేను..." అని మొదలెట్టాడు. మొదటి వరసలో ఎవరి జేబులోనో ఫోను మోగింది. ఆయన మైకు కుర్చీలో పెట్టి, చిన్నగా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. బావగారు భావోద్వేగానికి లోనయ్యారని మణికుమార్ ప్రకటించాడు.

దానమ్మ వెతుక్కుంటూ వెళ్ళింది. సెంటర్ పక్కన, తన ఫ్లెక్సీ చాటునే నేల మీద కూలబడి ఉన్నాడు ఎల్లారావు. రెండు చేతులతోనూ ఫ్లెక్సీ కర్రని పట్టుకున్నాడు. కర్ర వణుకుతుంటే అవతల రోడ్డు వైపు ఆయన నవ్వుమొహం కూడా వణుకుతోంది.

"పదండి," అంది దానమ్మ.

"ఎక్కడికే?"

"ఆ డాక్టరమ్మ దగ్గరికి."

"మణి ఏమనుకుంటాడో. వాడి ఫంక్షన్ ఇది."

"వాడు నా తమ్ముడు. వాడితో నేను చెప్పుకుంటాను. మీరు లేవండి." దండ తీసి అక్కడే కర్రకి తగిలించింది. ఇద్దరూ వెనక దారిన నడిచి వెళ్ళి ఆటో ఎక్కారు.

క్రిస్టినా గారు మందు ఎందుకు మానేశారని కోప్పడలేదు. దడ ఎప్పుడెప్పుడు వచ్చిందో దానమ్మని అడిగి తెలుసుకుని, "ఫోను మోగితే ఏం వినాల్సొస్తుందని భయమండీ మీకు?" అని అడిగారు.

ఎల్లారావు భార్య వైపు చూశాడు. ఇన్ని వైద్యాల్లో ఆయన్ని నోరు తెరిచి నవ్వమన్నారు, నోరు మూసుకుని ధ్యానించమన్నారు, గుక్క తిప్పుకోకుండా కషాయం తాగమన్నారు. మాట్లాడమని ఎవరూ అనలేదు.

"మా లారీ బోల్తా పడిందండీ, ఆమధ్య," అన్నాడు. ఆ పెద్ద గొంతు ఎక్కడికి పోయిందో, దానమ్మ ముందుకు వంగి వినాల్సొచ్చింది. "డ్రైవరు సాయిగణేష్ పెళ్ళాం ఫోను చేసింది. మాట రాలేదు తనకి. ఏడుపు. ఎంతసేపో ఏడుపే. వాడు పోయాడనే అనుకున్నానండీ. పోలేదు. లేచి తిరుగుతున్నాడు, మళ్ళీ మా బండే తోలుతున్నాడు. అయినా ఫోను మోగిందంటే ముందు ఆ ఏడుపే వినబడుద్దేమోనని..."

"నాకెప్పుడూ చెప్పలేదేంటండీ?" అంది దానమ్మ.

"ఏమని చెప్పేది? బండి బాగైంది, మనిషి బాగయ్యాడు. నాకేం అయిందని?"

ఆ రోజు చాలాసేపు మాట్లాడాడు. మళ్ళీ బిళ్ళలు మొదలుపెట్టాడు. ఈసారి మానలేదు. నవ్వుల క్లబ్బు కూడా మానొద్దన్నారు క్రిస్టినా గారు, హాయిగా ఉంటే. ఉంది కాబట్టి మానలేదు. కొన్ని వారాలకి ఫోను మోగితే గుండె ఉలిక్కిపడటం తగ్గింది. ఇంకొన్నాళ్ళకి మొదటిసారి మోగినప్పుడే ఎత్తగలిగాడు. షెడ్డులో మళ్ళీ నీచు వాసన వచ్చింది, కలకత్తావాళ్ళు సంతోషించారు. సంఘానికి ప్రెసిడెంటు కూడా అయ్యాడు.

ఘనతంతా ఎవరికి దక్కిందో వేరే చెప్పాలా? మంగళగిరి ఫ్లెక్సీలు అలాగే ఉన్నాయి. మణికుమార్ సెంటర్‌కి జనం వస్తున్నారు. బావని చూడండి, మా నూనె మహిమ అంటున్నాడు. ఎల్లారావు కాదనలేదు. కాదంటే నిజం చెప్పాలి, నిజం పేరిట మన దగ్గర ఫ్లెక్సీ కట్టేవాళ్ళు లేరు.

మొన్నీమధ్య లారీ బయల్దేరాక బసవయ్య ఎల్లారావు షెడ్డులోకి వచ్చాడు. చుట్టూ చూశాడు. కూలీలు దూరం వెళ్ళేదాకా ఐసు గురించీ ఎండల గురించీ మాట్లాడాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"నాకూ ఈమధ్య బాగుండట్లేదయ్యా. నిద్ర పట్టట్లేదు. బండి కదిలిందంటే కాళ్ళు వణుకుతున్నాయి. నీకు పనిచేసిన ఆ నూనె ఏదో నాక్కూడా చెప్పు."

ఎల్లారావు ఆయన్ని ఎదురుగా కుర్చీ లాగి కూర్చోబెట్టి, సైకియాట్రిస్టు క్రిస్టినా గారి క్లినిక్ ఎక్కడో, ఏ సందులో తిరగాలో మెల్లిగా చెప్పాడు.

బసవయ్య మొహం పాలిపోయింది. "ఆ డాక్టరా? మా ఇంట్లో తెలిస్తే కొంప మునుగుద్ది. ఏం చెప్పి వెళ్ళను?"

"నూనె కోసం వెళ్తున్నానని చెప్పు," అన్నాడు ఎల్లారావు.

ఆ సాయంత్రమే బసవయ్య ఇంట్లో అలాగే చెప్పి బయల్దేరాడు. భార్య కాదనకపోగా పెద్ద సీసా తెమ్మంది. అయ్యా, ఆ నూనె పనిచెయ్యదని ఇంకా ఎవరంటారు?