యంత్రానికి దిష్టి చుక్క

2016 ఆగస్టులో ఆ బుధవారం ఎలా గడవాలో నాగబాబు ముందురోజే నిర్ణయించేశాడు. ఎనిమిదింటికి కొత్త మిషను ఆన్ చేయాలి. పదకొండింటికి సరుకు కొనే కంపెనీ తనిఖీ అధికారి నారాయణమూర్తిగారు ఆమదాలవలసలో రైలు దిగుతారు. పన్నెండింటికి ఆయన కళ్ళముందు వెయ్యి లెన్సుల పరీక్ష నెగ్గాలి. నాలుగింటికి, మూడేళ్ళుగా ఆరేసి నెలల కాంట్రాక్టు మీద వేలాడుతున్న సూపర్‌వైజరు నాగబాబు పర్మనెంటు కావాలి. ఐదింటికి అందరికీ స్వీట్లు. పెళ్ళి ముహూర్తాలకైనా కాస్త అటూ ఇటూ ఉంటుంది గానీ, ఈ కార్యక్రమంలో అదీ లేదు.

ఎచ్చెర్ల దగ్గర హైవే పక్కనున్న ఆ ఫ్యాక్టరీలో కంట్లో పెట్టుకునే కాంటాక్టు లెన్సులు తయారవుతాయి. ఇంతకాలం నలభైమంది అమ్మాయిలు భూతద్దాలు పెట్టుకుని ఒక్కొక్కటీ చూసి ఏరేవారు. కొత్త మిషనుకు ఒక చేయి, ఒక కన్ను. చేయి లెన్సును గాలితో పీల్చి పట్టుకుని, ఉప్పునీళ్ళున్న బుల్లి ప్లాస్టిక్ గిన్నెలో వదులుతుంది. ఆ గిన్నె, కిందినుంచి దీపం వెలిగే గాజు మీదకు రాగానే పైనున్న కెమెరా చూస్తుంది. బాగుంటే రేకు మూత అతికి పెట్టెలోకి, మచ్చుంటే ఎర్ర బుట్టలోకి పోతుంది.

ఎనిమిదింటికి మిషను మొదలైంది. ఎనిమిదీ పదికి ఎర్ర బుట్ట నిండింది.

"సార్, అన్నిటికీ నల్ల మచ్చంటన్నాది," అంది ఆపరేటరు నీలవేణి.

"అన్నిటికీ ఏటి? ఒకటో రెండో ఉంటాయి."

"వందకి వంద సార్."

"నువ్వు భూతద్దంలో సూసినావా?"

"సూసినాను. ముత్యాల్లాగున్నాయి."

"మరి దానికేటి కనిపిస్తన్నాది?"

"నాకేటి తెలుసు సార్? దాన్నే అడగండి."

నాగబాబు ఉప్పునీళ్ళు మార్పించాడు. వంద పోయాయి. లెన్సుల ట్రేలు మార్పించాడు. ఇంకో వంద పోయాయి. అప్పుడతనికి గోడమీది నోటీసు కనిపించింది: లోపలికి పువ్వులు, పౌడరు, కాటుక నిషేధం. ఇంకేముంది, దొంగలు దొరికిపోయారనుకున్నాడు. అమ్మాయిలందరినీ వరసలో నిలబెట్టి, కాటుక పెట్టుకున్నదెవరని నిలదీసి, ఎవరూ పెట్టుకోలేదంటే నమ్మక రెండేసిసార్లు మొహాలు కడిగించాడు. సబ్బు కళ్ళలో పడి నీలవేణికి ఏడుపొచ్చింది. మిషను మాత్రం మచ్చ మచ్చ అంటూనే ఉంది.

తుడిచే కర్ర పట్టుకుని మూల నిలబడ్డ కాంట్రాక్టు కూలి బుల్లమ్మను ఎవరూ ఏమీ అడగలేదు. తుడిచే మనిషిని మిషను సంగతి అడగడం నాగబాబు హోదాకు తక్కువ.

పదింటికి తల ప్రాణం తోకకొచ్చి, మిషను బిగించిన ఇంజినీరు ధనరాజ్‌కు ఫోను చేశాడు. ధనరాజ్‌ది చీపురుపల్లి, వరసకు బావ. ఆ సమయానికి చెన్నైలో విమానం ఎక్కడానికి వరసలో ఉన్నాడు.

"కంగారెట్టీకు బావా. కంటికి మంచిగున్న లెన్సులు పది దానికి సూపించి, మంచివంటే ఇవేనని నేర్పేయి. పాస్‌వర్డు నేనిక్కణ్ణించి కొడతాను. మళ్ళీ తెరవాలంటే మాత్రం నేనుండాల. ఇమానమెక్కితే మూడు గంటలు దొరకను."

మచ్చ ఎక్కణ్ణించి వస్తోందని ఆ బావ అడగలేదు, ఈ బావ చూడలేదు. పది లెన్సులు చూపించారు. మిషను బుద్ధిగా నేర్చుకుంది. ఆ తర్వాత వందకి వంద పాసు! నాగబాబు కుర్చీలో కూలబడి మంచినీళ్ళు తాగాడు. పదకొండున్నర అయింది. నారాయణమూర్తిగారి కారు రైల్వేస్టేషను దాటి ఉంటుంది.

అక్కడితో ఊరుకుంటే ఈ కథ లేదు. అధికారి చూస్తారు కదా, గాజు తళతళలాడాలని గుడ్డ పట్టుకుని వంగాడు. దీపపు గాజు మీద మినపగింజంత నల్లచుక్క!

"ఇదేటిది? ఎవరెట్టినారు?"

"నేనే బాబూ," అంటూ బుల్లమ్మ సంతోషంగా ముందుకొచ్చింది. "దిష్టి సుక్క. నిన్నంతా ఒకరెనక ఒకరొచ్చి, అబ్బ ఎంత బాగున్నాదో అని ఒకటే సూపు. మా పేటలో కొత్త తెప్పకైనా సుక్కెట్టకుండా నీట్లోకి తొయ్యం. సంటిపిల్లకైతే బుగ్గనెడతాం. దీనికి బుగ్గెక్కడో తెలీక ఎలుగొచ్చేకాడ ఎట్టినాను."

"పొద్దున్నించి నా పేణం తీసింది నువ్వా!" నాగబాబు గొంతు చిరిగేలా అరిచాడు. ఆమె కొంగుముడిలోని కాటుక డబ్బీ లాక్కుని జేబులో వేసుకున్నాడు. "ఇంక పనిలోకి రాకు! ఇప్పుడే ఎల్లిపో!"

"ఎల్తాను బాబూ. మంచికి పోతే ఇలగే ఉంటాది," అంటూ బుల్లమ్మ కర్ర గోడకు ఆనించి వెళ్ళిపోయింది.

నాగబాబు స్పిరిటుతో గాజు తుడిచాడు. మెరిసిపోతోంది. మిషను ఆన్ చేశాడు. లెన్సులన్నీ చకచకా ఎర్ర బుట్టలోకే పోతున్నాయి.

"ఇప్పుడేటంటన్నాది?"

"మచ్చ లేదంటన్నాది సార్," అంది నీలవేణి.

నాగబాబుకు విషయం తెలియడానికి అరనిమిషం పట్టింది. మంచి లెన్సంటే నల్లచుక్క ఉన్న లెన్సని మిషనుకు స్వయంగా నేర్పింది తనే. ధనరాజ్ ఫోను స్విచాఫ్. సిగ్గు విడిచి, జేబులోని కాటుక తీసి తన వేలితోనే చుక్క పెట్టాడు. మరీ పెద్దదైంది, మిషను ఒప్పుకోలేదు. నీలవేణి చేత పెట్టించాడు. గోరు తగిలి సాగిపోయింది. అదీ ఒప్పుకోలేదు. ఇంతలో గేటు దగ్గర కారు హారను మోగింది.

లోపల తొడుక్కునే గౌనుతో, టోపీతో, చెప్పుల్లేకుండా నాగబాబు ఎండలో పరుగెత్తాడు. గేటు పక్క నీడలో బుల్లమ్మ క్యారేజీ విప్పుకుని తింటోంది.

"బుల్లమ్మా, రా. ఒక్క సుక్క ఎట్టీసి ఎల్దువు గాని."

"నన్ను తీసీసినారు కదేటి?"

"నేనలగ అన్లేదు."

"అన్నారు. నీలవేణి ఇన్నాది."

"సరే, అన్నాను. తప్పయిపోనాది. నా ఉద్దోగం నీ ఏలి మీదున్నాది తల్లీ!"

"అయితే దిష్టుందని ఒప్పుకున్నట్టేనా?"

"ఉన్నాది! నాకే తగిలీసింది!"

"అలగైతే తిని వస్తాను. ఎంగిలి సేత్తో ఎట్టకూడదు."

వాళ్ళ పక్కనుంచే కారు లోపలికి వెళ్ళింది. నారాయణమూర్తిగారు టీ తాగి, గౌను తొడుక్కునేలోగా బుల్లమ్మ చేయి కడుక్కుని, ఉంగరపు వేలితో చుక్క పెట్టింది. మిషను మారుమాట్లాడకుండా ఒప్పుకుంది.

నారాయణమూర్తిగారు ఎవరికీ చెప్పకుండా వెయ్యి లెన్సుల్లో ఐదు చిరిగినవి కలిపారు. మిషను ఆ ఐదింటినీ పట్టేసి, మిగతావన్నీ పాసు చేసింది. ఆయన తల పంకించి, కళ్ళద్దాలు సర్దుకుని గాజు వైపు వంగారు.

"ఈ నల్లచుక్క ఏమిటి?"

"గుర్తు సార్. మిషను పోల్చుకోడానికి," అన్నాడు నాగబాబు.

"మరి పని పద్ధతి పుస్తకంలో లేదే? దేంతో పెడతారు, ఎంత పెడతారు, ఎవరు పెడతారు, అన్నీ రాసివ్వండి. ఒకసారి నేను సంతకం చేశాక ఏడాదిదాకా మార్చడానికి వీల్లేదు."

నాగబాబు పళ్ళు కొరుకుతూ రాశాడు. పదార్థం ఆముదం కాటుక. పరిమాణం బుల్లమ్మ కుడిచేతి ఉంగరపు వేలి కొన. పెట్టువారు బుల్లమ్మ. ఆమెకు బదులు ఎవరూ లేరు. నారాయణమూర్తిగారు చదివి, సంతకం చేసి, మేనేజరుకు ఒక సలహా కూడా ఇచ్చి వెళ్ళారు. బదులు దొరకని మనిషిని కాంట్రాక్టు మీద ఉంచడం ఉత్పత్తి లైనుకు ప్రమాదమట.

నాలుగింటికి పర్మనెంటు ఆర్డరు వచ్చింది. ఆ ఏడాదికి ఉన్నది ఒకటే పోస్టు. తనకు చదువు రాదు కనుక కాయితం చదివి పెట్టమని బుల్లమ్మ నాగబాబుకే ఇచ్చింది. అతను మొదటినుంచి చివరిదాకా చదివాడు. తన కాంట్రాక్టు ఇంకో ఆరు నెలలు పొడిగించిన కాయితం మాత్రం పైకి చదవలేదు. మధ్యాహ్నమే విమానం దిగిన ధనరాజ్ అప్పుడు తీరిగ్గా ఫోను చేసి, "బావా, మళ్ళీ సరిగ్గా నేర్పీమంటావేటి?" అని అడిగితే నాగబాబు ఫోను పెట్టేశాడు. ఐదింటికి స్వీట్లు పంచారు, అనుకున్న సమయానికే. పంచింది బుల్లమ్మ.

ఇప్పుడు బుల్లమ్మ సెలవు పెట్టాలంటే వారం ముందు మేనేజరుకు చెప్పాలి, లేకపోతే లైను ఆగిపోతుంది. నాగబాబు రాకపోతే ఆగదని, మరుసటి నెల అతనికి మూడు రోజులు జ్వరమొచ్చినప్పుడు తేలింది.