డిక్కీలో దాచిన ఫైలు

నా పథకాలెప్పుడూ పక్కాగానే ఉంటాయి. ఫలితాలే పక్కదారి పడతాయి. వినండి, చెబుతాను.

గాలివానకి పక్కింటి డాబా మీది నీళ్ల ట్యాంకు ఎగిరొచ్చి మా కారు మీద కూర్చుంది. పదేళ్లు మమ్మల్ని మోసిన బండి ఒక్క ట్యాంకుని మోయలేక చతికిలబడింది. ఇక బాగుపడదని షెడ్డు మేస్త్రీ తేల్చేశాడు. ట్యాంకు పడకముందు బండి ఎంత చేసేదో బీమా కంపెనీ అంత ఇస్తుందట. ఆ లెక్క కట్టే సర్వేయరు మర్నాడు వస్తానన్నాడు. సరిగ్గా కడితే మరో బండి, లేకపోతే బస్సు.

"రిపేరు బిల్లుల ఫైలు తీసి పెట్టానండీ, చూపిద్దాం" అంది మా ఆవిడ.

నా గుండె గేరు మార్చుకుంది. "పంతొమ్మిదిసార్లు షెడ్డుకెళ్లిందని తెలిస్తే అది కారంటాడా, రోగి అంటాడా? విలువ కట్టేవాడి ముందు వలువలు విప్పుతామా?"

"కొత్త సామాన్లు వేయించిన బిల్లులేగా, దాపరికం దేనికి?"

దేనికంటే, ఏ దెబ్బ ఎలా తగిలిందో ప్రతి బిల్లు వెనకా ఆవిడ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిపెట్టింది. ఒక్కో ముత్యం నా పరువుకి ఒక్కో ముల్లు. ఆవిడ స్నానానికి వెళ్లగానే ఫైలుని నలిగిన డిక్కీ సందులోంచి లోపలికి తోసేశాను. అదిక తెరుచుకోదని నాకు బీమాని మించిన ధీమా.

సర్వేయరు వచ్చాడు. "పువ్వులా చూసుకున్నామండీ! షెడ్డు గడప తొక్కితే ఒట్టు!" అన్నాను.

"పదేళ్లలో ఒక్క సర్వీసూ లేదా?" కాగితం మీద ఏదో కొట్టేశాడు. "అయితే ఇంజను అరిగిపోయిందనే రాసుకోవాలి."

అతను చెప్పిన మొత్తానికి సైకిలొస్తుంది. బెల్లు విడిగా కొనుక్కోవాలి.

"బిల్లులుంటే పెంచుతాను" అన్నాడు.

మా ఆవిడ లోపలికెళ్లి, ఖాళీ చేతులతో తిరిగొచ్చి, నా మొహం చూసింది. "ఎక్కడ పెట్టారు?"

"డిక్కీలో" అన్నాను, నాకే వినపడనంత మెల్లగా.

గడ్డపారతో అరగంట కుస్తీ పడితే తెరుచుకుంది. సర్వేయరు పైకే చదివాడు.

"కొత్త బంపరు. వెనకేదో రాశారు... 'గేటు ఉన్నచోటే ఉంది, ఈయనే చూడలేదు.' కొత్త క్లచ్... 'కాలు దాని మీద నుంచి తీయరు, తప్పు మాత్రం బండిదట.' నాలుగు కొత్త టైర్లు, పోయిన నెలే..."

"వెనక వైపు చదవక్కర్లేదండీ!"

"ఇంజను పని పోయినేడే చేయించాం" అంది మా ఆవిడ. "ఇదే మోడలు, ఇదే ఏడాది బండ్లు ఎంతకి అమ్ముతున్నారో మూడు ప్రకటనలు కత్తిరించి పెట్టాను. మీరన్నది ఇందులో సగం కూడా లేదు."

సర్వేయరు మూడూ చూశాడు. పాత అంకె కొట్టేసి, దానికి రెట్టింపు పైనే రాశాడు.

ఫైలు అడుగున ఒక కాగితం మిగిలింది. "ఇది బిల్లు కాదే?" అని నాకిచ్చాడు. డ్రైవింగ్ లైసెన్సు దరఖాస్తు. ఆవిడ ఫొటో, సంతకం, ఏడేళ్ల నాటి తేదీ. వెనక ఒకే ముక్క: 'వచ్చే ఆదివారం నేర్పుతానన్నారు.'

ఏడేళ్లలో ఎన్ని ఆదివారాలో! నీ చేతికిస్తే బండి పాడైపోతుందనేవాణ్ణి. పాడుచేసిందెవరో పంతొమ్మిది బిల్లులు చెబుతున్నాయి.

క్రేను బండిని ఎత్తుతుంటే ఆవిడ వెళ్లి, ఎన్నడూ పట్టుకోని ఆ స్టీరింగుని పగిలిన కిటికీలోంచి ఒకసారి తాకి వచ్చింది.

"ఈ ఆదివారం..." అని నసిగాను.

"అక్కర్లేదండీ. పొద్దున్నే డ్రైవింగ్ స్కూల్లో చేరొచ్చాను. ఇకమీదట నేను నడుపుతాను, బిల్లుల వెనక మీరు రాయండి."

కొత్త బండి వచ్చి ఏడాదైంది. ఫైలు నా ఒళ్లోనే ఉంది, పెన్నూ ఉంది. రాద్దామంటే ఒక్క రిపేరు బిల్లూ రాలేదు.