ఇష్బెల్ గుమ్మం మెట్టు

శనివారం పొద్దున్నే గుమ్మం ముందు మెట్టు కడగాలి, తల్లి నేర్పినట్టు దాని మీద సుద్దతో మెలికలు గీయాలి, పదకొండింటికి వచ్చే పురావస్తు శాఖ ఆఫీసరమ్మకు స్కోన్ రొట్టెలు కాల్చాలి. స్కాట్లండ్ పల్లె బాల్‌ఫార్రిక్‌లో ఇష్బెల్ వేసుకున్న పథకం ఇంతే. చర్చి ఆవరణలోని వెయ్యేళ్ల చెక్కడపు రాయిని ఊళ్లోనే ఉంచాలా, పట్నం మ్యూజియానికి తరలించాలా అన్నది ఆఫీసరమ్మ ఈవేళ తేలుస్తుంది. పాతవాటిని ఈ ఊరు కాపాడుకోగలదా అని ఆవిడ అనుమానం.

ఇష్బెల్ తలుపు తీసేసరికి మెట్టు పాలలా మెరుస్తోంది. పక్కింటి మర్డో కుంచెతో నిలబడి ఉన్నాడు.

"నీకు మోకాళ్ల నొప్పులు కదక్కా, నేనే వేసేశా."

"ఒరేయ్, ఇది సుద్ద కాదు!"

"షెడ్డులో తెల్లగా ఉన్నది ఇదే మరి."

"అది గొర్రెల దొడ్డి గేటుకు వేసే రంగురా!"

మర్డో ముఖం కూడా మెట్టు రంగుకు వచ్చింది. టర్పెంటైన్ పోసి రుద్దితే రంగు గోడకు పాకింది. చాప కప్పితే అతుక్కుంది. పీకితే సగం చాప అక్కడే ఉండిపోయి, మెట్టుకు ఉన్ని మొలిచినట్టయింది.

"మెట్టుకే గేటు రంగు పూసినోళ్ల చేతుల్లో ఆ రాయినెవరు పెడతారు? పోయినట్టే!" అంది ఉత్తరాలు పంచే ఊనా.

"మెట్టు రాయినే తిరగేద్దాం," అన్నాడు మర్డో.

ట్రాక్టరు వచ్చింది, గడ్డపారలు వచ్చాయి, పాదిరిగారు రేపటి ప్రసంగం వదిలేసి తాడు పట్టారు. మెట్టు వెల్లకిలా పడటం, గేటు దగ్గర ఆఫీసరమ్మ కారు ఆగడం ఒకేసారి జరిగాయి.

రాయి అడుగున చెక్కిన ఒక చేప, ఒక నెలవంక, పొడుగు మూతి జంతువు. ఆఫీసరమ్మ బురదలోనే మోకరిల్లింది.

"ఇదెప్పట్నుంచీ ఇక్కడుంది?"

"మా ముత్తాత ఇల్లు కట్టినప్పట్నుంచీనండీ. బోర్లా," అంది ఇష్బెల్.

"అందుకే వాన తగల్లేదు. చర్చి రాయికన్నా బాగుంది! ఇవాళే ఎందుకు తిరగేశారు?"

మర్డో తెల్లటి చేతులు చాపి, పూసిన దగ్గర్నుంచి దాచబోయిన దాకా అంతా చెప్పేశాడు. ఆఫీసరమ్మ తాళ్లనూ, చాపనూ, చెమటలు కక్కుతున్న ఊరినీ చూసింది.

"ఒక మెట్టు కోసం ఇంతమంది పరిగెత్తుకొచ్చారా? ఇక నాకు అనుమానం లేదు. రెండు రాళ్లూ ఇక్కడే ఉంటాయి. రంగు డబ్బా మాత్రం నాకిచ్చేయండి."

ఇష్బెల్ కళ్లు తడిశాయి. "నా మోకాళ్లు తలుచుకుని వచ్చావు. నీ రుణం ఎలా తీర్చుకోను రా," అంటూ మర్డో చెయ్యి గట్టిగా పట్టుకుంది.

విడిపించడానికి మళ్లీ టర్పెంటైన్ తేవలసి వచ్చింది.