చక్రం కింది దుంగ

నా చంకలో ఈ దుంగ ఏమిటని మీలో ఒక్కరూ నన్ను సూటిగా అడగలేదు. వెనక చేరి నవ్వుకుంటున్నారని మాత్రం తెలుసు. నవ్వండి. టీ చల్లారేలోగా అసలు సంగతి నేనే చెప్పేస్తాను. మా బావమరిది చెప్పే కథలో నేను ఏడ్చినట్టు ఉందట. నేను ఏడవలేదు. కంట్లో రంపపు పొట్టు పడింది.

మా పాత ట్రాక్టర్ మీకు తెలిసిందే. మామగారు కొత్తది కొనుక్కుని, పాతదాన్ని మా షెడ్డులో వదిలి వెళ్ళారు. "జాగ్రత్తగా చూసుకో అల్లుడూ" అన్నారు. కూతురిని అప్పజెప్పినప్పుడు కూడా ఆయన నాకు ఇన్ని జాగ్రత్తలు చెప్పలేదు.

దానికి సెల్ఫ్ మోటారు ఎప్పుడో పోయింది, తాళం తిప్పితే లేవదు. అందుకని ఎక్కడ ఆపినా వాలు చూసి, ముక్కు కిందికి పెట్టి ఆపాలి. చక్రం ముందు ఒక దుంగ అడ్డం పెట్టాలి. మళ్ళీ బయల్దేరాలంటే దుంగ తీసేసి, బండి జారుతుండగా గేరు వేసి క్లచ్ వదలాలి. అది దగ్గి, తుమ్మి, నాలుగు తిట్లు తిట్టి లేస్తుంది. ఇంటి దగ్గర వాలు లేదు గానీ, తొయ్యడానికి బావమరిది ఉన్నాడు. హ్యాండ్ బ్రేకు కూడా ఉంది. ఇంట్లో నా మాటకున్న విలువే దానికీ ఉంది.

మా ఆవిడ దానికి 'సవతి' అని పేరు పెట్టింది.

ఒకరోజు నేను సవతి సీట్లో కూర్చుని ప్రశాంతంగా పేపరు చదువుకుంటుంటే ఆవిడ వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడింది.

"ఆదివారం అయస్కాంతం వస్తున్నాడు."

అయస్కాంతం అంటే మన పాత ఇనుము వ్యాపారి. అతను వీధిలోకి వస్తే గేట్ల గొళ్ళాలు గజగజ వణుకుతాయి.

"ఎందుకూ?"

"మీరు కూర్చున్నదాని కోసం."

"ఇది బంగారం లాంటి బండే!"

"బంగారమైతే కంసాలిని పిలిచేదాన్ని. ఇనుము కాబట్టే అతన్ని పిలిచాను."

"ఇది ఇప్పటికీ పని చేస్తుంది, తెలుసా?"

"ఏం పని? తుడుస్తారు, నూనె రాస్తారు, దాంతో కబుర్లు చెప్తారు. గాలివానకు మా తమ్ముడి స్థలంలో అంత పెద్ద చెట్టు పడిందా? వాడు కోయించి, ముక్కలు కొట్టించి, తీసుకెళ్ళండి బావా అని మొత్తుకుంటున్నాడా? మీరేమో రేపు, ఎల్లుండి అంటున్నారు. నిన్న నీళ్ళు కాచడానికి విరిగిన కుర్చీ కాలు పొయ్యిలో పెట్టాను."

"మనింట్లో కుర్చీ ఏదీ విరగలేదే?"

"విరగ్గొట్టాకే పెట్టాను."

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. సీటు మీదే లేచి నిలబడ్డాను. షెడ్డు రేకు తలకు తగిలింది గానీ లెక్కచేయలేదు.

"ఆదివారం అయస్కాంతం వచ్చేసరికి ఆ కట్టెలన్నీ ఈ ట్రాక్టరే ఇంటికి తెస్తుంది. ఒక్క పుల్ల కూడా మిగలదు!"

"మిగిలితే?"

"మిగిలితే ట్రాక్టర్ విషయంలో నువ్వు ఎలా చెప్తే అలా. తెస్తే మాత్రం, జన్మలో మళ్ళీ దీని జోలికి రాకూడదు."

"ట్రాక్టరే తేవాలి. ఒక్క పుల్ల మిగలకూడదు. మాట మీద ఉంటారుగా?" అని మరీ అడిగింది. ఇంత తేలిగ్గా ఒప్పుకుందేమిటని నాకు అప్పుడే అనుమానం రావాలి. గెలుపు ఖాయమనుకున్నవాడికి అనుమానాలు రావు.

ఆదివారం పొద్దున్నే బావమరిది తోశాడు, సవతి లేచింది, ట్రాలీ తగిలించుకుని మిట్ట ఎక్కాం. వాడి స్థలం మా వీధికి సరిగ్గా పైన ఉంటుంది. అక్కడ దిగినప్పటి నుంచీ వాడి నోరు ఆగలేదు. వీధిలో వాడిని 'సలహాల సంచి' అని ఊరికే అనరు.

"బావా, బండి ఇటు తిప్పు. బావా, చిన్న కట్టెలు ముందు వెయ్యి. బావా, చొక్కా మార్చుకోవాల్సింది."

అన్నిటికంటే పెద్ద మాను ఒకటి గోతిలో ఉంది. ట్రాలీ విప్పేసి, దాన్ని గొలుసుతో బయటికి లాగి తర్వాత ముక్కలు చేద్దామనుకున్నాం.

"బావా, గొలుసు కింద కట్టు. అంత పైకి కడితే ముందు చక్రాలు లేస్తాయి."

"నాకు నేర్పుతావా? ఈ బండిలో ప్రతి నట్టుతోనూ నాకు పేరు పెట్టి పిలిచేంత చనువు" అని సీటు వెనకాల పైనున్న కడ్డీకి గొలుసు కట్టి లాగాను.

మాను కదల్లేదు. ముందు చక్రాలు లేచాయి. ట్రాక్టర్ ముక్కు ఆకాశం వైపు తిరిగింది. నా కాళ్ళు దాని ముక్కు వెంట పోయాయి. ఇంజను తనంతట తాను ఆగిపోయి, బండి ధబీమని కింద పడింది కాబట్టి ఈ కథ నేను చెప్తున్నాను, లేకపోతే మీరు నా గురించి చెప్పుకునేవారు.

"నేను చెప్పానా బావా?" అన్నాడు సలహాల సంచి.

తప్పు నాదైనప్పుడు ఎదుటివాడు నిజం చెప్తే ఎంత ఒళ్ళు మండుతుందో మీకు తెలుసు. "ఒరేయ్, ఇల్లు చేరేదాకా నువ్వు నోరు విప్పావంటే మర్యాద దక్కదు!" అని అరిచాను. వాడు నోటి మీద వేలు వేసుకున్నాడు.

బండిని వాలులో జార్చి మళ్ళీ లేపి, గొలుసు కింద కట్టాను. మాను బుద్ధిగా వచ్చేసింది. నేను గొలుసు కింద కట్టడం వాడు చూడనట్టు నటించాడు, వాడు చూడలేదని నేను నమ్మినట్టు నటించాను.

తర్వాత ట్రాలీ మళ్ళీ తగిలించి, బండిని వాలు మీద ఆపి, పెద్ద చక్రం ముందు దుంగ అడ్డం పెట్టి, మానును ముక్కలు కోసి, ట్రాలీ నింపడం మొదలెట్టాం. కట్టె మీద కట్టె, దుంగ మీద దుంగ. నేల మీద పుల్లలు కూడా ఏరాను. పందెం పందెమే. పక్షి గూడు కట్టుకోవడానికి కూడా ఏమీ మిగల్చలేదు. ట్రాలీ చుట్టూ ఒకసారి తిరిగి చూసుకుని ఛాతీ విరిచాను.

అప్పుడు కనబడింది ఇంకొక దుంగ. గుండ్రంగా, నున్నగా, చక్రం దగ్గర దాక్కుని ఉంది.

"హమ్మయ్య! దీన్ని వదిలేసి వెళ్తే మీ అక్క నా పరువు తీసేది" అని వంగి లాగాను.

బావమరిది నోటి మీద వేలు తీయకుండానే గంతులు వేశాడు. రెండో చేత్తో చక్రాన్ని చూపించాడు. నేను గెలిచినందుకు ఆనందిస్తున్నాడనుకున్నాను.

దుంగ చేతికొచ్చింది. ట్రాక్టర్ చేజారింది.

మొదట మెల్లగా, ఎవరికీ చెప్పకుండా పుట్టింటికి బయల్దేరినట్టు కదిలింది. చేతిలో దుంగతో నేను వెనక పడ్డాను. "చెప్పొచ్చు కదరా!" అని అరిచాను.

"మాట్లాడొద్దన్నావుగా బావా!" అని పరుగెత్తుతూనే వాడు అరిచాడు.

కింద రోడ్డు మలుపులో మా ఆవిడ ఫ్లాస్కు పట్టుకుని పైకి వస్తోంది. పక్కన భుజాన గోనెసంచితో అయస్కాంతం. వాళ్ళ మీదికి ట్రాలీ నిండా కట్టెలతో ట్రాక్టర్, సీట్లో ఎవరూ లేకుండా. అంత భయం నేను జీవితంలో ఎరగను. ట్రాక్టర్ పోతే పోయింది, ఆవిడ పక్కకు తప్పుకుంటే చాలనుకున్నాను.

ఆవిడ తప్పుకోలేదు. ఫ్లాస్కు అయస్కాంతం చేతిలో పెట్టింది. బండి పక్కకు వచ్చేదాకా ఆగి, మెట్టు మీద కాలు వేసి, మడ్‌గార్డ్ పట్టుకుని సీట్లోకి ఎక్కి కూర్చుంది. క్లచ్ తొక్కింది, గేరు వేసింది, వదిలింది. నా చేతిలో నాలుగు తిట్లు తిట్టే బండి ఆవిడ చేతిలో ఒక్క దగ్గుతో లేచింది. వేగం తగ్గి, మలుపు తిరిగి, మా వీధిలోకి వెళ్ళింది.

నేను రొప్పుకుంటూ గేటు చేరేసరికి ఆవిడ ట్రాలీని వెనక్కి నడిపి షెడ్డులో పెడుతోంది. ట్రాలీని వెనక్కి నడపడం అంటే ఏమిటో మీకు తెలుసు. నేను ఎటు తిప్పితే అది దానికి ఎదురు తిరుగుతుంది. నేను ఇన్నేళ్ళూ దాన్ని విప్పి బావమరిదితో తోయించేవాణ్ణి. ఆవిడ భుజం మీదుగా ఒకసారి చూసి, ఒకే ఊపులో, గోడకు గీత పడకుండా పెట్టింది. నిజం చెప్తున్నాను, ముందు నాకు గర్వం వేసింది. సిగ్గు తర్వాత వేసింది.

"నీకు ట్రాక్టర్ వచ్చా?"

"మా నాన్న గొలుసుతో దుంగలు కడుతుంటే దీన్ని ఎవరు నడిపేవారనుకున్నారు?"

"ఇన్నేళ్ళూ చెప్పలేదే?"

"ఇన్నేళ్ళూ అడగలేదే!"

నేను గొంతు సవరించుకున్నాను. "సరే, ఎవరు నడిపితేనేం, కట్టెలు ట్రాక్టరే తెచ్చింది. ఒక్క పుల్ల మిగల్లేదు. పందెం నాదే. అయస్కాంతం గారూ, మీరు వెళ్ళిరావచ్చు."

ఆవిడ నా చంకలోకి చూసింది. బావమరిది చూశాడు. అయస్కాంతం కూడా చూశాడు. చివరికి నేను చూసుకున్నాను.

దుంగ.

"అది ట్రాక్టర్ మీద వచ్చిందా, మీ మీద వచ్చిందా?" అంది ఆవిడ.

నేను బండి పక్కన నిలబడి దాని బానెట్ మీద చెయ్యి వేశాను. అప్పుడే కంట్లో ఆ రంపపు పొట్టు పడింది. "పందెం ఓడాను. తీసుకెళ్ళమను" అన్నాను.

"ఏమిటి తీసుకెళ్ళేది?" అని అయస్కాంతం గోనెసంచి విప్పాడు. "అమ్మగారు దీనికి సరిపోయే సెల్ఫ్ మోటారు వెతికి తెమ్మంటే తెచ్చాను. బిగించి పోతాను."

నేను సంచిలోకి తొంగి చూశాను. నిజంగానే మోటారు.

"బేకరీ బట్టీకి వారం వారం కట్టెలు తోలతానని వాళ్ళకు మాటిచ్చాను" అంది మా ఆవిడ. "బండి బాగుచేద్దామంటే రేపంటారు, పనికి పెడదామంటే ఎల్లుండంటారు. పాత ఇనుముకు ఇచ్చేస్తానంటే గానీ దాన్ని బయటికి తీయలేదు మీరు. పందెం ప్రకారం ఇక నేను ఎలా చెప్తే అలా. డ్రైవర్ని నేను."

"మరి నేను?"

ఇల్లు చేరాం కదా, బావమరిది మళ్ళీ నోరు విప్పాడు. "బావా, నన్నడిగితే..."

"నిన్నెవరూ అడగలేదు!" అన్నాం ఇద్దరం ఒకేసారి.

అదిగో, హారన్. బేకరీ వాళ్ళు కట్టెలు దింపుకున్నారన్నమాట, మా ఆవిడ పిలుస్తోంది. నా టీ మీరెవరైనా తాగేయండి. సెల్ఫ్ వచ్చాక ఇంకా ఈ దుంగ ఎందుకని అడగబోతున్నారు, అంతేగా? నేనూ అదే అడిగాను.

"బండికి కాదు, మీకు," అంది ఆవిడ. "మళ్ళీ పేపరు పట్టుకుని షెడ్డులోకి జారిపోకుండా."