కాటా మీద కాలు

ఆదివారం పొద్దున మునికుమార్ పథకం చాలా సులువైనది. బంగారుపాళ్యంలో కారు తూకం వేయించుకోవాలి, పదకొండుకల్లా చంద్రగిరి చేరాలి, కొత్త లేఅవుట్ రోడ్డు మీద జరిగే డ్రాగ్ రేసు గెలవాలి.

"ఈసారీ ఉత్త సేతులతో వస్తే, వెనకసీటు పీకేసిన ఆ డబ్బాలో మామిడికాయలు తోల్తా," అని తండ్రి కుప్పయ్య తేల్చి చెప్పి, తానూ ఎక్కి కూర్చున్నాడు.

పోయినసారి అసలు పరుగే పెట్టనివ్వలేదు. డ్రైవరుతో కలిపి కారు కనీసం ఏడువందల అరవై కిలోలుండాలని నియమం. తేలిక కారుకు వేగం ఎక్కువ కదా! ఎన్ని కిలోలు తగ్గిందో కోపంలో అడగనే లేదు మునికుమార్. అందుకే ఇప్పుడు ఇంట్లోని పది కిలోల ఇనప తూకపురాళ్లు ఆరింటిని కారు అడుగున బోల్టులతో బిగించాడు.

మామిడి గుజ్జు ఫ్యాక్టరీ దగ్గర ట్రాక్టర్ల వరుసలో వంతు రాగానే, కారును కాటా ఎక్కించి ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాడు. కుప్పయ్య దిగి వెనకాల నిలబడ్డాడు. చీటీలో ఏడువందల తొంభై అని వచ్చింది.

"ముప్పై కిలోలు ఎక్కువుండాది నాయనా!"

"ఎక్కువుంటే మంచిదే కదరా!"

"ఇది మామిడికాయల లోడా? రేసు కారు!"

వెనక హారన్లు చెవులకు చిల్లులు పొడుస్తున్నాయి. ఇంకోసారి తూచే వీల్లేదు. మూడు రాళ్లు ఊడదీసి వాచ్‌మన్‌కు అప్పగించి బయలుదేరాడు.

చంద్రగిరిలో తూకం చూసే అమర్‌నాథ్ పెదవి విరిచాడు. "ఏడువందల ముప్పై. ముప్పై తక్కువుండాదప్పా."

మునికుమార్ నెత్తిన పిడుగు పడింది. చీటీ చూశాడు, కారు చూశాడు, ఆఖరికి తండ్రిని చూశాడు.

"నాయనా, పొద్దున కాటా కాడ యాడ నిలబడినావు?"

"కారు ఎనకాలే."

"కాలు?"

"కాలు కాటా మిందే. నలభై ఏండ్లుగా పెడతాండా. ఫ్యాక్టరీవోళ్లు తరుగు అని తూకంలో కోసేది మళ్ల యాడ రాబట్టాల?"

మునికుమార్‌కు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అమర్‌నాథ్ గడియారం చూసుకున్నాడు. "బిగించని బరువు పెట్టకూడదు. ఐదు నిమిషాలే టైము." తర్వాత కుప్పయ్యను ఎగాదిగా చూశాడు. "పెద్దాయనా, లైసెన్సు ఉండాదా?"

"ఉండాది. ఏమి?"

మునికుమార్ బరువు యాభై ఎనిమిది కిలోలు. కుప్పయ్యది తొంభై రెండు.

డ్రైవరు సీట్లో కూర్చున్న కుప్పయ్య తలకు హెల్మెట్ పట్టడానికే రెండు నిమిషాలు పట్టింది. "పచ్చలైటు పడతానే పో నాయనా," అన్నాడు మునికుమార్ దీనంగా.

"ఫ్యాక్టరీ గేటు తీసినట్టే గదా?" అన్నాడు కుప్పయ్య.

మామిడి సీజనులో గేటు తెరుచుకున్న క్షణంలో దూరనివాడి కాయలు మర్నాటిదాకా ఎండలో మగ్గాల్సిందే. పచ్చలైటు పడింది. పక్క కారు కుర్రాడు గేరు వేసే లోపల కుప్పయ్య సగం దూరం వెళ్లిపోయాడు. గీత దాటాక కూడా ఆగలేదు. ఇంకో బండి ముందు దూరుతుందేమోనని భయం.

గెలిచిన కప్పు ఇంట్లో టీవీ పక్కన చేరింది. కారుకు మామిడికాయల గండం తప్పింది. అయితే కుప్పయ్య ఇక ఆ కారు దిగనన్నాడు, వచ్చే రేసుకు కూడా పేరు రాయించుకున్నాడు. కాబట్టి మర్నాడు మామిడికాయల ట్రాక్టరు తోలుకుని బంగారుపాళ్యం వెళ్లింది మునికుమారే.

కాటా దగ్గర అతను అటూ ఇటూ చూసి, మెల్లగా ఒక కాలు పెట్టాడు.